తడి కాగితం మీద రెండు రంగులు

జాండ్రపేట, చీరాల
ఫిబ్రవరి 9

ప్రియమైన నసీమూ,

కరీమున్ మొన్న వచ్చి నువ్వు పంపిన కారం సంచి ఇచ్చి వెళ్లింది. పెళ్లి చీరలు చూసుకోవాలంటూ మంచినీళ్లు కూడా తాగకుండా బజారుకు పరిగెత్తింది. నీ ఆడబిడ్డ కూతురే అయినా ఆ తొందర అచ్చం నీదే. నీ చెవులు మొరాయించినప్పట్నుంచి ఫోనులో నేనొకటి అంటే నువ్వొకటి వింటున్నావు కాబట్టి, మనకు ఉత్తరాలే నయం.

ఇక్కడ అంతా బాగానే ఉన్నాం. మా ఆయన పోయి మూడేళ్లవుతున్నా రంగుల కొట్టు మీద 'అంకమ్మరావు' అన్న బోర్డు మా అబ్బాయి వీరబాబు మార్చలేదు. అద్దకం తొట్లు మాత్రం తీసేశాడు. ఇప్పుడు రంగులు అమ్మడమే.

వాడరేవు నుంచి మొన్న మంచి వంజరం చేప వచ్చింది. నీ కారం వేసి పులుసు పెట్టాను. ఎంత ఎర్రగా వచ్చిందో చెప్పలేను. మా మనవరాలు దివ్య, ఆరేళ్ల పిల్ల, రెండుసార్లు వడ్డించుకుంది. వీరబాబు మాత్రం కడుపులో బాగాలేదని పెరుగన్నం తిని లేచాడు.

ఇక అసలు సంగతి రాయాలి. ఎలా రాయాలో తెలియక రెండు కాగితాలు చించేశాను.

భోజనాలయ్యాక మిగతా కారం డబ్బాలో పోస్తుంటే కాస్త గట్టు మీద పడింది. తడిచేత్తో తుడిచాను. చెయ్యి గులాబీ రంగయింది. సబ్బు పెట్టి రుద్దినా గోళ్ల సందుల్లోంచి పోలేదు. నసీమూ, నలభై ఏళ్లు రంగుల మధ్య బతికినదాన్ని. మిరపకాయ రంగు నూనెలో దిగుతుంది, నీళ్లకు లొంగదు. అనుమానమొచ్చి గాజు గ్లాసులో నీళ్లు పోసి పైన చిటికెడు చల్లాను. కారం తేలుతూనే ఉంది, దాని కిందనుంచి ఎర్రటి చారలు దిగాయి. అప్పటికీ నమ్మకం కుదరక, ఆ నీళ్లలో చెంచాడు వెనిగర్ వేసి తెల్ల పట్టుపోగు ఒకటి మరగబెట్టాను. మూడు నీళ్లలో జాడించినా రంగు వదల్లేదు. ఆ పోగు ఈ కవర్లోనే పెట్టాను, చూడు.

మీ అబ్బాయి ముబీన్‌ను నేనేమీ అనడం లేదు. వాడికి కాయలు అమ్మినవాళ్లే ఏదో చేసి ఉండొచ్చు. ఒక్కసారి మీ కారం మిల్లులో చూడమను. అంతవరకూ మీరు ఆ కారం తినకండి.

ఎప్పటికీ నీ
వెంకూ

చిలకలూరిపేట
ఫిబ్రవరి 20

వెంకటరావమ్మకు,

నీ ఉత్తరం, నీ దారం రెండూ అందాయి. ముబీన్‌కు చూపించాను. మొదట నవ్వాడు. తర్వాత పళ్లెం తోసేసి వెళ్లిపోయాడు.

ఆ ప్యాకెట్ మీద ఉన్నది మా ఆయన పేరు. షఫీక్ కారం. ఇరవై రెండేళ్లు ఈ ఊళ్లో ఆ పేరు చూసి కొన్నారు. ఆయన బతికుండగా కాయలో ఒక్క గింజ బూజు కనిపిస్తే బస్తాకు బస్తా వెనక్కి పంపేవాడు. ఆ మిల్లులోనే ఆయన పక్కన నిలబడి పని నేర్చుకున్న కొడుకు, ఆయన పేరు మీద రంగు నీళ్లు అమ్ముతాడా?

నువ్వు రంగుల్లో బతికావు కాబట్టి నీకు ఎక్కడ చూసినా రంగే కనిపిస్తుంది. జిలేబీలో లేదా? బజార్లో పిల్లలు కొనుక్కునే ఐసుల్లో లేదా? బిర్యానీలో, లడ్డూలో, మీ వీధి చివర కూల్‌డ్రింకుల్లో లేదా? అవన్నీ గవర్నమెంటు ఒప్పుకున్నవే కదా. మీ దివ్య అవి తినడం లేదా? వాటిని ఏ దారం ముంచి చూశావు? నా కొడుకు కారమే దొరికిందా నీకు?

రంజాన్ నెల మొదలవుతోంది. ఈ సంగతి మనసులో పెట్టుకుని దువా చేయలేను. కాబట్టి దీన్ని ఇక్కడితో వదిలేద్దాం.

నీ క్షేమం కోరే
నసీమున్నీసా

జాండ్రపేట
మార్చి 3

ప్రియమైన నసీమూ,

హైస్కూలు బెంచీ మీద పక్కపక్కన కూర్చున్న రోజు నుంచి మొన్నటి ఉత్తరం దాకా నువ్వు నాకు పూర్తి పేరుతో సంతకం పెట్టలేదు. కోపమొచ్చిందని దాన్ని బట్టే తెలిసింది. మాట పడతాను. అయినా చెప్పాల్సింది ఒకటి ఉంది. నీకు ఇంతవరకూ చెప్పనిది.

మా ఆయనది మూత్రాశయం క్యాన్సర్ అని నీకు తెలుసు. మొదట మూత్రంలో రక్తం పడింది. వేడి చేసిందనుకుని సబ్జా గింజలు నానబెట్టి తాగించాను. గుంటూరు తీసుకువెళ్లేసరికి ఆలస్యమైంది. అక్కడ డాక్టరు బీడీ తాగుతారా అని అడిగాడు. లేదన్నాం. "మరి ఏం పని చేసేవారు" అన్నాడు. రంగులద్దేవాణ్ణి అన్నారు ఆయన. డాక్టరు రాస్తున్న కలం ఆపి, ఆయన చేతుల వంక చూశాడు. "దానివల్లే వచ్చిందని ఒక్క మనిషి విషయంలో నేను ఖాయంగా చెప్పలేనమ్మా. కానీ పాత రంగుల్లో కొన్నిటితో పనిచేసినవాళ్లకు ఈ జబ్బు ఎక్కువగా వస్తుందని మా పుస్తకాల్లో ఎప్పుడో రాశారు" అన్నాడు.

బయటికొచ్చాక ఆయన నాతో ఒకటే అన్నారు. "చేతులకు పట్టిన రంగు సబ్బుతో పోతోంది కదా అనుకున్నానే." తొడుగుల్లేకుండా తొట్లో చేతులు పెట్టిన మనిషి. ఆయనకు ఎవరూ చెప్పలేదు.

జిలేబీలూ ఐసుల గురించి నువ్వడిగిన దానికి జవాబు నాకు తెలియదు. అందుకని మా పక్కింటి సైన్సు మాస్టారు ప్రసన్నకుమార్ గారిని అడిగాను. నువ్వన్నది చాలావరకు నిజమేనట. మన దేశంలో ఎనిమిది రకాల కృత్రిమ రంగులకు అనుమతి ఉందట. అవి కూడా మిఠాయిలూ ఐసులూ లాంటి కొన్నిటికే, కొలత దాటకుండా. అవి పడక కొంతమంది పిల్లలకు దద్దుర్లు వస్తాయనీ, కొందరికి నిలకడ తగ్గుతుందని అంటున్నారనీ, అందరికీ అలా జరగదనీ చెప్పారు. "భయపడమని చెప్పనండి, తెలుసుకుని తినమంటాను" అన్నారు. ఆ మర్నాటి నుంచి దివ్యకు ఐసు తగ్గించాను. నీ మాటలో నాకు పనికొచ్చిన ముక్క అది.

కానీ కారంలో ఏ రంగూ కలపకూడదట. ఒప్పుకున్న ఎనిమిదీ కూడా కలపకూడదు. పైగా నేను చూసింది వాటిల్లోది కాదు. ఆ గ్లాసును ఎండలో పెడితే గులాబీ నీళ్ల అంచున నారింజ మెరుపు వచ్చింది. ఆ మెరుపు నాకు తెలుసు. పట్టుకూ చాపలకూ వాడే రంగు అది. నోట్లో పెట్టుకునేందుకు చేసింది కాదు.

అందుకే రాశాను. నీ కొడుకు మీద కక్షతో కాదు.

నీ
వెంకూ

జాండ్రపేట
ఏప్రిల్ 28

నసీమూ,

రంజాన్ పండగ వెళ్లిపోయింది. నీ సేమ్యా రాకుండా ఆ పండగ వెళ్లడం ఇదే మొదలు. ఇక కారం మాట ఎత్తను. బాగున్నానని ఒక్క ముక్క రాయి, చాలు. రాయాలనిపించకపోతే ఉత్త కవరైనా పంపు. దాని మీద నీ చేతిరాత చూసుకుంటాను.

వెంకూ

చిలకలూరిపేట
మే 12

ప్రియమైన వెంకూ,

బాగున్నాను. ఒంట్లో బాగున్నాను.

నీ మార్చి ఉత్తరం చదివి దాచేశాను. అంకమ్మరావు అన్నయ్య చేతులు నాకు గుర్తే. మన పెళ్లిళ్లయిన కొత్తలో మీ ఇంటికొస్తే ఆ చేతులతోనే నాకు పుచ్చకాయ కోసి పెట్టాడు. ఒక చెయ్యి నీలం, ఒక చెయ్యి పసుపు. నేను నవ్వితే తనూ నవ్వాడు. ఆ ఉత్తరం తర్వాత ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా అన్నం సయించలేదు. అయినా మిల్లుకు వెళ్లలేదు. వెళ్తే ఏం కనిపిస్తుందోనని భయం. పండగ అయ్యేదాకా ఆగుదామనుకున్నాను. అయ్యాక, ఎండలు తగ్గేదాకా అనుకున్నాను.

నీ చిన్న ఉత్తరం వచ్చాక ఇక ఉండలేకపోయాను. ముబీన్ గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లిన రోజు మిల్లుకు వెళ్లాను. షఫీక్ పోయాక నేను ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. ప్రేమమ్మ ఒక్కతే ఉంది. తొడిమలు తీసే పనికి ఎనిమిదేళ్ల క్రితం ఆయనే పెట్టుకున్న మనిషి. నన్ను చూసి లేచి నిలబడి చేతులు కొంగులో దాచుకుంది.

చూపించమన్నాను. చూపించింది. వేళ్ల మధ్య, మణికట్టు దాకా, గులాబీ రంగు.

"ఇదేంటి ప్రేమమ్మా?"

"కలుపుతానండి. బాబుగారు చెప్పినట్టు, బస్తాకు ఇంత అని. స్నానం చేసినా పోదు. చెమట పడితే దిండు గలీబు కూడా ఇదే రంగు. మా పాస్టరమ్మగారు అడిగితే గోరింటాకన్నాను."

ఎప్పట్నుంచి అంటే, పోయినేడాది నుంచట. కల్లాల్లో మిర్చి వానకు తడిసింది గుర్తుందా. అప్పుడు తెల్లబారిన తాలు కాయలు చవగ్గా వచ్చాయని ముబీన్ కొన్నాడు. వాటి పొడి ఇటుక పొడిలా ఉందని ఎవరూ కొనలేదట. బస్తాల వెనక నీలం డబ్బా చూపించింది. పైన కాగితం గీకేసి ఉంది.

సాయంత్రం వాడొచ్చాక డబ్బా తెచ్చి ముందు పెట్టాను. వాడు అబద్ధమాడలేదు. అది కాస్త నయం అనుకోవాలో ఏమో. "అమ్మా, కొనేవాళ్లు రుచి చూడరు, రంగు చూస్తారు. నాన్న కాలంలోలాగా అమ్మితే పక్క మిల్లుకు పోతున్నారు. కాస్తంతేగా" అన్నాడు. ఎవరెవరికి వెళ్తోందని అడిగాను. దుకాణాలు. ఇంకా ఇక్కడి ఆడపిల్లల హాస్టల్ వంటశాలకు. అక్కడ నూట నలభై మంది పిల్లలు, వెంకూ.

ఎక్కడ కొన్నావురా అంటే మాత్రం చెప్పలేదు. "అది నువ్వడక్కు అమ్మా" అన్నాడు. ఎంత అడిగినా అదే మాట.

ఆ పొడి చిటికెడు కాగితంలో మడిచి పంపుతున్నాను. జాగ్రత్తగా విప్పు. ఇదేమిటో, ఎక్కడిదో నీకైతే తెలుస్తుంది. వీడికి ఇది అమ్మినవాడెవడో నాకు తెలియాలి. వాడి తల్లి ఎవరో చూడాలి.

నీ దారాన్ని పారేయలేదు. నిన్ను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

నీ
నసీము

జాండ్రపేట
మే 19

ప్రియమైన నసీమూ,

నువ్వు చూడాలన్న తల్లిని నేనే.

ఒక్క వాక్యం రాసి లేచిపోయి, మళ్లీ వచ్చి కూర్చున్నాను. ఎలా తెలిసిందో చెబుతాను. నువ్వు నమ్మడానికి కాదు. నాకు వేరే అర్థం ఏదైనా దొరుకుతుందేమోనని నేనెంత వెతికానో నీకు తెలియాలని.

పొడి రంగు ఒక్కటేనా, రెండు కలిపిందా అని తెలుసుకునేందుకు మాకో పద్ధతి ఉంది. తెల్ల కాగితం తడిపి దాని మీద చిటికెడు రంగు ఊదాలి. ప్రతి రేణువూ విడిగా పడి తన రంగు తను చూపిస్తుంది. నువ్వు పంపింది అలాగే ఊదాను. గులాబీ చుక్కలు, మధ్య మధ్య నారింజ చుక్కలు. లెక్కపెట్టనక్కర్లేదు. నాలుగు పాళ్లు గులాబీ, ఒక పాలు నారింజ. పట్టు అంచుల కోసం మా ఆయన కట్టిన కలయిక అది. చీరాల మొత్తంలో ఇంకెవరూ అలా కలపరు. దానికి ఆయన పెట్టుకున్న పేరు 'పండుమిరప'.

కాగితం ఆరేదాకా చూస్తూ కూర్చున్నాను. తర్వాత కొట్టుకు వెళ్లాను. వీరబాబు తూకం వేస్తున్నాడు. కాగితం బల్ల మీద పెట్టాను. చూసి మళ్లీ తూకం వైపు తిరిగాడు.

"ముబీన్‌కు ఎప్పట్నుంచి ఇస్తున్నావు?"

"రంగులు అమ్మేవాణ్ణమ్మా. కొన్నవాడు దేనికి వాడతాడో నేను అడుగుతానా?"

"వాడికి మగ్గాలున్నాయా? చాపలు నేస్తాడా? కారం మిల్లువాడు పట్టు రంగు ఎందుకు కొంటాడురా?"

దాంతో నిజం చెప్పాడు. ముబీన్ వచ్చి ఇబ్బంది చెప్పుకున్నాడట. చిన్నప్పట్నుంచి ఎరిగినవాడు కదా, కాదనలేకపోయాడట. నీళ్లలో తేలిగ్గా కలిసేది, ఎర్రగా కొట్టేది ఏదని అడిగితే వీడే ఎంచి ఇచ్చాడు.

అప్పుడు నాకు ఆ వంజరం పులుసు గుర్తొచ్చింది. కడుపులో బాగాలేదని వీడు పెరుగన్నం తిని లేచాడు కదా. "ఆ రోజు నీకు తెలుసు కదరా. దివ్య నీ పక్కనే కూర్చుని తింటోంది" అన్నాను. "దాని ముందు నుంచి పళ్లెం లాగేస్తే ఎందుకని అడుగుతావని..." అన్నాడు. తూకం పక్కన పెట్టి మొహం కప్పుకున్నాడు. నేను వాణ్ణి ఓదార్చలేదు. కన్నప్పట్నుంచి అలా ఓదార్చకుండా నిలబడటం నాకిదే మొదలు.

వాళ్ల నాన్న తెలియక పోయాడు. వీడు తన చేతుల మీదుగా ఆయనకు రెండేళ్లు సేవ చేశాడు, డాక్టరు మాట పక్కన నిలబడి విన్నాడు. తెలిసీ అమ్మాడు. నాకు మింగుడు పడనిది అదే.

నసీమూ, ఈ ఉత్తరం రాయకుండా ఉండొచ్చు. ఆ కాగితం పొయ్యిలో వేసి, 'ఏదో రంగు, ఎక్కడిదో తెలియలేదు' అని రాస్తే నువ్వు నమ్మేదానివి. పొయ్యి దాకా వెళ్లాను కూడా. తప్పు నీ ఇంట్లో ఉందని నీకు పెద్ద పెద్ద ఉత్తరాలు రాసినదాన్ని, అది మా ఇంట్లో తేలేసరికి నా చెయ్యి ఆడలేదు. వెనక్కి వచ్చింది ధర్మం గుర్తొచ్చి కాదు. ప్రేమమ్మ చేతులు నువ్వు రాసిన తీరు గుర్తొచ్చి. అవి మా ఆయన చేతులే.

ఆహార తనిఖీ అధికారికి చెబుదామా అన్నది నీకు వదిలేస్తున్నాను. చెబితే మన ఇద్దరి పిల్లలూ చిక్కుకుంటారు. చెప్పకపోతే వీళ్లిద్దరూ మానేసినా, హాస్టల్లో ఉన్న బస్తాలు అలాగే ఉంటాయి. నువ్వేది అంటే అది. సంతకం పెట్టమంటే మొదటి సంతకం నాది.

నిన్ను పేరు పెట్టి పిలిచే అర్హత ఉందనుకుంటూ,
వెంకూ

చిలకలూరిపేట
ఆగస్టు 24

ప్రియమైన వెంకూ,

జూన్‌లో ఆహార తనిఖీ ఆఫీసు వరండాలో కలిసినప్పుడు నీతో సరిగా మాట్లాడలేకపోయాను. నువ్వు వీరబాబును తీసుకొచ్చావు, నేను ముబీన్‌ను తీసుకొచ్చాను. ఇద్దరూ చెరో స్తంభానికి ఆనుకుని నిలబడ్డారు. ఫిర్యాదు మీద మన సంతకాలయ్యాయి, బస్సెక్కాం. ఆ తర్వాత జరిగింది తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. నీ మే ఉత్తరం చదవగానే నాకు కాసేపు సంతోషం వేసింది. తప్పు చేసింది నా కొడుకు ఒక్కడే కాదని. ఆ సంతోషానికి సిగ్గుపడి రెండు రోజులు నీకు ఏమీ రాయలేకపోయాను. నువ్వు పొయ్యి దాకా వెళ్లానన్నావు కదా. నేనూ అలాంటి చోటుకే వెళ్లొచ్చాను. లెక్క సరి.

అధికారులు నమూనాలు తీసుకుని మిల్లుకు సీలు వేశారు. లాబ్ కాగితంలో నువ్వు చెప్పిందే వచ్చింది. తినడానికి పనికిరాని రంగు, ప్రమాదకరం అని. కేసు నడుస్తుంది. మనమే వెళ్లి చెప్పాం కాబట్టి కోర్టు కాస్త చూస్తుందేమో, చూడకపోవచ్చు కూడా, మాట ఇవ్వలేనన్నాడు వకీలు. దుకాణాల నుంచి ప్యాకెట్లు వెనక్కి తెప్పించాం. తెప్పించామంటే ముబీన్ కొట్టు కొట్టుకూ తిరిగాడు. ఒకచోట వాడి మొహాన విసిరేశారు. ఇంకోచోట "పర్లేదులే, రంగు బాగుంది, ఉంచెయ్యి" అన్నారట. రెండోదే వాణ్ణి ఎక్కువ బాధపెట్టింది.

హాస్టలుకు నేనూ వెళ్లాను. వార్డెనమ్మ వంటగది తాళం తీసి బస్తాలు బయటపెట్టించింది. పిల్లలు గుమిగూడారు. తొమ్మిదో తరగతి పిల్ల, జెస్సీ అట పేరు, ముబీన్ ఎదురుగా వచ్చి నిలబడింది. నెమ్మదిగానే అడిగింది. "మేం తిన్నదాని వల్ల మాకేమైనా అవుతుందా అంకుల్?"

వాడు వార్డెనమ్మకు చెప్పాల్సిన మాటలు దారంతా కూడబలుక్కున్నాడు. పిల్ల అడుగుతుందనుకోలేదు. "ఏమవుతుందో నాకు తెలియదమ్మా. కొద్దికొద్దిగానే వేశాను. కానీ అసలు వేయకూడనిది. తప్పు చేశాను" అన్నాడు. ఆ పిల్ల సరే అనలేదు, తిట్టనూ లేదు. వెళ్లి మిగతావాళ్లకు చెప్పింది. ఆ గుమిగూడిన మొహాలన్నీ ఒక్కసారి వీడి వైపు తిరిగాయి. ఇంటికొచ్చాక వాడు రెండు రోజులు ఎవరి మొహమూ చూడలేదు. జైలు సంగతి తలుచుకుని కాదు, ఆ పిల్లను తలుచుకుని.

ప్రేమమ్మను గుంటూరు తీసుకువెళ్లాను. పరీక్షల్లో ఇప్పటికి ఏమీ లేదన్నారు. ఏడాదికోసారి చూపించుకోమన్నారు. మిల్లు మూసినా ఆమె జీతం ఆపలేదు. ఆమె వేళ్లు తెల్లబడుతున్నాయి. గోళ్లు పెరిగి పాత రంగు కొసలకు జరిగింది. బతికినన్నాళ్లూ ఏటా ఆమె వెంట నేనే వెళ్తానని చెప్పాను. దానికామె "మీరు మర్చిపోతే నేను గుర్తు చేస్తానండి" అంది. సరే, అలాగే అనుకున్నాం.

వెంకూ, మన పిల్లలు చెడ్డవాళ్లని నేను అనుకోలేకపోతున్నాను. మంచివాళ్లని చెప్పుకోలేకపోతున్నాను. ఆ మధ్యలో ఉన్నదానికి ఏం పేరు పెట్టాలో మన తెలుగు టీచరమ్మ ఉన్నా చెప్పలేకపోయేది.

వాయిదా సెప్టెంబరు పదహారున. వీరబాబు ముందురోజే వచ్చి మా ఇంట్లో దిగుతాడని ముబీన్ చెప్పాడు. అంటే వాళ్లిద్దరూ మాట్లాడుకుంటున్నారు. నువ్వూ రా. వాళ్లు కోర్టు లోపల ఉన్నంతసేపూ మనం బయట కూర్చుందాం.

ఆ రోజు ఇద్దరికీ అన్నం క్యారేజీ కట్టాలా, తప్పు చేసి కోర్టుకు వెళ్తున్నవాళ్లకు ఎందుకు కట్టాలి అని నాలుగు రోజులుగా ఆలోచిస్తున్నాను. కడతాను. మధ్యాహ్నం దాకా పిలవకపోతే ఆకలేస్తుంది కదా.

నీ దారి చూస్తూ
నసీము